ముక్కు తాత పరీక్ష

"ఈ ముక్కు ముందు నీ థర్మామీటరు ఏపాటిది అమ్మాయ్? పాడైన కూరని, తాను పాడయ్యానని కూరకే తెలియకముందు పట్టేస్తుంది."

మధ్యాహ్నం భోజనాలవాళ్లు వెళ్లిపోయి, రాత్రి భోజనాలవాళ్లు ఇంకా రాని వేళ. హోటలు వంటగదిలో స్టీలు బల్లకి ఒకవైపు ఆహార భద్రత పాఠాలు చెప్పడానికి వచ్చిన అమ్మాయి, ఇంకోవైపు అందరూ ముక్కు తాత అని పిలిచే పెద్ద వంటాయన కూర్చున్నారు.

"కూరకి తెలియడమేమిటి తాతగారూ?"

"నవ్వు, నవ్వు. ఓసారి చేపలబండివాడు నాలుగు వీధుల అవతల మలుపు తిరుగుతున్నాడు. నేనిక్కడ ఉల్లిపాయలు తరుగుతున్నాను. తరుగుతూనే అన్నాను, మూడో బుట్టలో అడుగునున్న చేప నిన్నటిది కాదు మొన్నటిదని. వాడు గుమ్మంలోకి వచ్చేసరికి..."

"వచ్చేసరికి?"

"రాలేదు. దారిలోనే ఎవరో చెప్పేశారు. బండి అక్కడే తిప్పుకున్నాడు. ఇప్పుడు బట్టలకొట్టు పెట్టుకున్నాడు. చేప బొమ్మ ఉన్న చీర కూడా అమ్మడట."

"నిన్న ఈ కథ చెప్పినప్పుడు రెండు వీధులన్నారు."

"రాత్రి వాన పడిందిగా. ఊరు పెరిగింది."

"తాతగారూ, హాస్యాలు తరవాత. రేపటినుంచి శిక్షణ కార్డు లేనివాళ్లు వంటగదిలో అడుగు పెట్టకూడదు. పెద్ద వంటాయన అయినా సరే. గిన్నెలు తోమే ఆవిడకి కూడా కార్డు వచ్చింది. మిగిలింది మీరొక్కరే. ఈ సాయంత్రం మీరు పరీక్ష దాటకపోతే నేనేం చెయ్యలేను."

"క్లాసుకి వద్దామని మూడుసార్లు బయల్దేరాను."

"మూడుసార్లూ మేనత్త పోయిందని కబురు పంపారు."

"పోయింది మరి."

"మీకు ఉన్నది ఒక్కతే మేనత్తని ఇక్కడివాళ్లు చెప్పారు."

"గట్టి మనిషి. ఒక్కసారికి పోలేదు."

"చేతులు ఎప్పుడెప్పుడు కడుక్కోవాలి?"

"పచ్చి మాంసం ముట్టుకున్నాక, ముక్కు తుడుచుకున్నాక, చెత్తబుట్ట ముట్టుకున్నాక, మా బామ్మర్దితో చెయ్యి కలిపాక."

"చివరిది మా పాఠంలో లేదు."

"చేర్చుకో. వాడు ఈ హోటలు యజమాని. వచ్చే పోయే ప్రతివాడి చెయ్యీ పట్టుకుని ఊపుతాడు."

"పచ్చి మాంసం కోసిన చెక్క మీద వేరేవి తరగొచ్చా?"

"ఎర్ర చెక్క మాంసానికి, పచ్చ చెక్క కాయగూరలకి. కళ్లు బాగానే ఉన్నాయమ్మా నాకు."

"రుచి చూసిన గరిటె?"

"మళ్లీ గిన్నెలోకి పోకూడదు. పోతే మా ఆవిడ చేతిలో నా పని అయిపోయేది."

"జ్వరమో దగ్గో ఉన్నవాళ్లు పనిలోకి వస్తే ఏం చెయ్యాలి?"

"తరవాతి ప్రశ్న అడుగు."

"ఇది చాలా ముఖ్యమైంది తాతగారూ. జ్వరంతో వచ్చినవాళ్లని..."

"తరవాతిది అడగమన్నానా."

"సరే. వండిన కూర లోపల ఎంత వేడెక్కాలి?"

"నా ముక్కు ఒప్పుకునేంత."

"మనిషిని మంచాన పడేసే క్రిమికి చాలాసార్లు వాసనే ఉండదు. ఎంత గొప్ప ముక్కయినా పట్టుకోలేదు. అందుకే ఈ థర్మామీటరు పుల్ల ఇస్తున్నాం. మీ వెనకాల ఏదో మాడుతున్నట్టుంది."

"తెలుసు. ఉల్లిపాయలు. ఎర్రగా వేగుతున్నాయి. ఇంకాస్త ఆగొచ్చు."

"పొయ్యి మీద ఉల్లిపాయల్లేవు. లేవండి ముందు. గుడ్డ అంటుకుంది, పొయ్యి పక్కన పెట్టిన చేతిగుడ్డ."

"నీళ్లు, నీళ్లు. ఆ చెంబు..."

"పోశాను. పొగకి నా కళ్లు మండుతున్నాయి. మీకు మూరెడు దూరంలో కాలుతోంది తాతగారూ. నాకు బల్లకి ఇవతలే తెలిసింది."

తాత తడిసిన గుడ్డని రెండు వేళ్లతో ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి నవ్వేశాడు.

"దొరికిపోయాను. ముక్కుంది అమ్మాయ్, వీధి తలుపులాగా దర్జాగా ఉంది. లోపల మనుషుల్లేరు."

"ఎప్పటినుంచి?"

"రెండేళ్లయింది. ఆ చలికాలం జ్వరాలొచ్చాయే, మా ఇంట్లో ఇద్దరికీ వచ్చింది. మా ఆవిడ పోయింది. నేను లేచాను. లేచి చూసుకుంటే ముక్కు పనిచెయ్యదు. పోతూపోతూ ఆవిడే పట్టుకుపోయింది. ఇంట్లోంచి ఏది తీసుకెళ్లినా చెప్పి తీసుకెళ్లే అలవాటు ఆవిడకి మొదటినుంచీ లేదు."

"మరి చేపలబండి?"

"చేపలబండి నిజమే. అందులో నేను లేను. ఆ ముక్కు మా మామగారిది. ఆయన చెప్పేటప్పుడు ఒకటే వీధి."

"నవ్వే సంగతి కాదిది. తాత మూత తీసి వాసన చూసి సరేనంటేనే వడ్డిస్తామని ఇక్కడ అందరూ చెప్పారు."

"అంటున్నానుగా, రోజూ."

"వాసన తెలియకుండా ఎలా అంటున్నారు? ఇంతమంది తింటున్నారు ఇక్కడ."

"ఒక్కరికైనా కడుపునొప్పి వచ్చిందా?"

"రాలేదు. అదే నాకు అర్థం కావట్లేదు. మీకు ఎలా తెలుస్తోంది?"

"బావా. ఎవర్నడిగి పారబోశావు?" గుమ్మంలోంచి కేక వినిపించింది.

"వచ్చాడు. అమ్మాయ్, ఇందాక చెప్పానే, మా బామ్మర్ది. మా ఆవిడకి సొంత తమ్ముడు. హోటలు వాడిది, గొంతు మా అత్తగారిది."

"మాట మార్చకు బావా. కోల్డ్ రూములోకి వెళ్తే కూర గిన్నె ఖాళీ. అన్నం లేదు, ఉడికించిన గుడ్లు లేవు. రాత్రికి వచ్చినవాళ్లకి పళ్లాలు కడిగి పెట్టనా?"

"కొత్తగా వండుతున్నాగా. పొయ్యి మీద ఉడుకుతున్నది ఏమిటి మరి?"

"ఏం పాడైందని పారబోశావు? పొద్దున నేను ముట్టుకుని చూశాను. గిన్నె మంచుముద్దలా ఉంది. వాసన కూడా బాగానే ఉంది."

"నీకు బాగానే ఉంటుంది."

"అంటే నీ ముక్కుకి బాగాలేదా?"

"ఒరే, నా ముక్కు పనిచెయ్యదు."

"హాస్యాలాడకు."

"హాస్యం కాదండీ. ఇప్పుడే ఇక్కడ గుడ్డ కాలింది. తాతగారికి తెలియలేదు. రెండేళ్లుగా వాసన తెలియదట."

"రెండేళ్లుగానా? బావా, రెండేళ్లుగా రోజూ మూతలు తీసి ఊపిరి పీలుస్తున్నావు కదా. అదంతా నాటకమా? మరి ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో ఎవరు చెబుతున్నారు?"

"మీ అక్క."

"ఏమన్నావు?"

"మీ అక్క చెబుతోంది అన్నాను. పొద్దున నేను కోల్డ్ రూము తలుపు తీస్తాను. వెనకాలే వస్తుంది. ఒక్కో మూతా తీస్తాను. బాగుంటే ఊరుకుంటుంది. బాగాలేకపోతే, 'ఏవండీ, ఇది పారెయ్యండి' అంటుంది. అంతే. బతికున్నప్పుడు ఇన్ని తక్కువ మాటలతో నన్ను వదిలిపెట్టేది కాదు."

"తాతగారూ, ఇది కూడా చేపలబండి లాంటిదేనా?"

"నీ ఇష్టం. ఎలా అనుకుంటే అలాగ."

"ఉండండి. నిన్న సాయంత్రం నేను కోల్డ్ రూములో ఒక చిన్న థర్మామీటరు పెట్టాను. మనం చూడని వేళ లోపల వేడి ఎంతదాకా ఎక్కిందో గుర్తు పెట్టుకునే రకం అది. దాన్ని చూసొస్తాను."

అమ్మాయి కోల్డ్ రూములోకి వెళ్లింది. తాత పొయ్యి వైపు తిరిగి గరిటె అందుకున్నాడు. బామ్మర్ది నిలబడినచోటే ఉన్నాడు.

"బావా, బయటి మనిషి ముందు ఇవేం మాటలు?"

"అడిగారు, చెప్పాను."

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

"నేనెలా అడుగుతాను, అక్క వస్తోందా అని?"

"అదిగో, అమ్మాయి వచ్చింది. ఏమంటోంది నీ థర్మామీటరు?"

"మీలో ఎవరైనా నా వెనకాల వచ్చారా?"

"లేదే. ఇద్దరం ఇక్కడే ఉన్నాం."

"తలుపు దగ్గర ఎవరో ఉన్నట్టు... పక్కకి జరిగి నాకు దారి ఇచ్చినట్టు అనిపించింది. సరే, పోనీండి. ఇప్పుడు లోపల నాలుగు డిగ్రీలుంది. రాత్రి పంతొమ్మిది దాకా ఎక్కింది."

"పంతొమ్మిదా? అలా ఎలా... అయ్యో. రాత్రి ఈ వీధిలో కరెంటు పోయిందన్నారు. నేను వచ్చేసరికి మోటారు తిరుగుతూనే ఉంది, ఇక పట్టించుకోలేదు."

"తెల్లారేసరికి మళ్లీ చల్లబడింది. అందుకే మీ చేతికి మంచులా తగిలింది. రాత్రంతా వెచ్చగా ఉన్న మాంసం కూర అది. తింటే ఆస్పత్రిపాలే. తాతగారూ, కరెంటు పోయిన సంగతి మీకు తెలుసా?"

"నా ఇల్లు ఎక్కడో చివర. మా వైపు పోలేదు."

"కాయగూరలు అలాగే ఉన్నాయి. సీసాలు అలాగే ఉన్నాయి. పారెయ్యాల్సినవే పారేశారు. నేనుంటే నేనూ సరిగ్గా అవే పారేయించేదాన్ని."

"చెప్పానుగా."

"బావా."

"ఊఁ."

"అక్క ఇంకేమంటుంది?"

"దేని గురించి?"

"కూరల గురించి కాక. ఇంకేమైనా."

"ఏముంటాయిరా. ఉప్పు, పప్పు. పొయ్యి దగ్గరి మాటలే."

"ఆ రోజు గురించి ఏమైనా అంటుందా?"

"ఏ రోజండీ?"

"మీకు చెప్పలేదా మా బావ? జ్వరం పాఠం వచ్చినప్పుడు ఏమన్నాడు?"

"తరవాతిది అడగమన్నారు."

"అంటాడు. నా కోసం అంటాడు. మా అక్క ఇక్కడే కాయగూరలు తరిగేదమ్మా. ఇదిగో, ఈ బల్ల దగ్గర. ఆ రోజు దగ్గుతూ వచ్చింది. కళ్లు చింతనిప్పులు. ఇంటికి పొమ్మంటే, ఈ బుట్ట తరిగేసి పోతానంది. మళ్లీ చెప్పాను. ఈ కాస్తే అంది. పనివాళ్లందరూ చూస్తున్నారు. ఒళ్లు మండి, జ్వరంతో నా వంటగదిలో అడుగు పెట్టొద్దని అరిచాను. నా వంటగది అన్నాను. మమ్మల్ని పెంచిన మనిషిని పట్టుకుని."

"ఒరే, చాలు."

"కత్తి కడిగి బల్ల మీద పెట్టింది. తలుపుదాకా వెళ్లి ఆగింది. నాతో ఏదో అనబోయింది. నేను వినకుండా అటు తిరిగిపోయాను. అదే ఆఖరు. ఆస్పత్రిలోకి ఎవర్నీ రానివ్వలేదు."

"మీరు చేసింది తప్పు కాదండీ. మా పాఠంలో మొట్టమొదటి మాట అదే. జ్వరం ఉన్నవాళ్లని ఇంటికి పంపాలి. ఆవిణ్ణి నేనైనా పంపేదాన్ని."

"మీరు పంపితే అది ఉద్యోగమమ్మా. నేను తమ్ముణ్ణి."

"గొంతు తగ్గించి చెప్పి ఉండాల్సింది, అంతే. పంపడం మాత్రం సరైనదే."

"పంపడం సరైనదేనని నాకూ తెలుసు. ఆ గొంతే ఇప్పటికీ వినిపిస్తోంది."

తాత గరిటె తిప్పుతూ, తిప్పక్కర్లేకపోయినా తిప్పుతూ, వెనక్కి చూడలేదు.

"తాతగారూ, మన పని మిగిలే ఉంది. మీ ఆవిడ చెప్పారు కాబట్టి ఈయన అర్హులని నేను రాయలేను."

"అయితే ఆవిడకే ఇవ్వు కార్డు."

"ఆవిడ క్లాసుకి రాలేదుగా."

"నువ్వు చూడలేదేమో."

"మీకు కార్డు ఇవ్వాలంటే రేపటినుంచి ప్రతి గిన్నెలో ఈ పుల్ల గుచ్చి చూడాలి. వండిన రోజు మూత మీద రాయాలి. ముక్కు పనిచెయ్యదని మీ పనివాళ్లందరికీ చెప్పాలి. ఒప్పుకుంటారా?"

"మొదటి రెండూ వద్దు. మూడోది నవ్వుతూ చెప్పేస్తాను."

"ఎందుకు వద్దు? పాఠాలన్నీ మీకు వచ్చు. అడిగినవాటికి టకటకా చెప్పారు. అయినా క్లాసుకి మూడుసార్లు ఎగ్గొట్టారు. ఈ పుల్లంటే ఏమిటి మీకు భయం?"

"భయమేమిటి, పుల్లంటే."

"మరి?"

"అది అన్నీ చెప్పేస్తుందటగా."

"చెబుతుంది."

"చెప్పేస్తే ఆవిడెందుకొస్తుంది?"

"బావా..."

"నువ్వుండరా. అమ్మాయ్, మా ఆవిడ పనిలేని చోట క్షణం నిలబడే మనిషి కాదు. పెళ్లిభోజనానికి పిలిస్తే వెళ్లి, వాళ్ల గిన్నెలు కూడా తోమేసి వచ్చేది. నాకు ముక్కు లేదని, ఇక్కడ ఒక పని మిగిలిందని వస్తోంది. ఆ పని పుల్లకి అప్పజెప్పాననుకో. నా మొహం చూడటానికి వస్తుందా? నలభై ఏళ్లు చూసిన మొహమే."

"ఇంటికి వస్తారా ఆవిడ?"

"రాదు. ఒక్కసారి కూడా రాలేదు. మంచం పక్కన కుర్చీ వేసి కూడా చూశాను. ఇక్కడికే వస్తుంది."

"అయితే వినండి. కార్డు లేకపోతే రేపటినుంచి మీరు ఈ గది గడప దాటలేరు. ఆవిడ ఇక్కడికి వస్తారు, మీరేమో ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. పుల్ల పట్టుకుంటే ఆవిడ రావచ్చు, రాకపోవచ్చు. పట్టుకోకపోతే మాత్రం మీరుండరు."

"గడుసుదానివే."

"పాఠాలు చెప్పే పని కదా."

"బావా, నీకు దండం పెడతాను. పట్టుకో. నువ్వు కూడా తలుపు దాటి వెళ్లిపోతే నేను తట్టుకోలేను."

"ఏడవకురా. ఇటివ్వు అమ్మాయ్. దీని తల ఏది, తోక ఏది?"

"కొన ముందు తుడవాలి. ఊఁ, అలా. గిన్నె అంచుకి తగలకుండా, పెద్ద ముక్క మధ్యలో గుచ్చండి. ఎంత?"

"అరవై రెండు."

"సరిపోతుందా?"

"చాలదు. డెబ్బై అయిదు దాటాలి."

"ఇందాక 'నా ముక్కు ఒప్పుకునేంత' అన్నారు?"

"నువ్వు క్లాసు చెప్పిన మూడుసార్లూ కిటికీ బయట నిలబడి విన్నాను. నీ గొంతు బాగానే వినిపిస్తుంది."

"మేనత్త పాడె పక్కన నిలబడి విన్నారన్నమాట. ఇప్పుడు చూడండి."

"డెబ్బై. డెబ్బై మూడు. ఆగు, తొందరెందుకు. డెబ్బై ఎనిమిది."

"ఇంకో ముక్కలో?"

"ఇదీ అంతే."

"తుడిచి పెట్టండి. అయిపోయింది. పరీక్ష దాటారు."

"అంతేనా? ఇంతదానికా మేనత్తని మూడుసార్లు చంపుకున్నాను?"

"బావా."

"ఊఁ."

"ఇప్పుడు వచ్చిందా?"

"ఎవరు?"

"నువ్వు పుల్ల గుచ్చినప్పుడు. వచ్చిందా అక్క?"

"వచ్చింది."

"ఎక్కడ?"

"సింకు దగ్గర. అలా తేరిపార చూడకు, నీకు కనబడదు."

"ఏమంది?"

"'నేర్చుకోండి, సిగ్గేమిటి' అంది నన్ను."

"నన్ను?"

"నిన్నా?"

"నన్నేమైనా అందా బావా? ఉన్నదున్నట్టు చెప్పు. తిట్టినా సరే."

"'తమ్ముడు పంపించడం మంచిదైంది' అంది. 'నేను ఆ బుట్ట తరిగి ఉంటే ఎంతమంది పడిపోయేవాళ్లో' అంది. ఆ రోజు తలుపు దగ్గర ఆగి చెప్పబోయింది అదేనట. నువ్వు అటు తిరిగిపోయావు కాబట్టి చెప్పలేకపోయిందట."

"అలా అందా?"

"అలాగే అంది."

"కోపం లేదా?"

"'కోపమేమిటి వాడి మొహం, ముందు వెళ్లి ఆ మొహం కడుక్కోమనండి, జనం వచ్చే వేళైంది' అంది."

"అవును. అక్కే. అలాగే అంటుంది. మొహం కడుక్కుని, ముందు తలుపులు తీస్తాను బావా. అమ్మా, మీరు భోంచేసి వెళ్లాలి. తప్పదు."

అతని అడుగుల చప్పుడు దూరమైంది. ముందుగదిలో ఎవరితోనో గట్టిగా నవ్వడం వినిపించింది. తాత గిన్నె మీద మూత పెట్టి, మూత మీద ఆ రోజు తేదీ రాశాడు.

"తాతగారూ, ఇదిగో మీ కార్డు."

"ఫోటోలో నా ముక్కు ఎంత బాగుందో చూడు."

"ఒకటి అడగనా? మీ నోట్లో ఒక వీధి నాలుగు వీధులవుతుంది. ఇప్పుడు చెప్పినదాంట్లో మీరు కల్పించింది ఎంత?"

"ఎందుకు? కార్డు వెనక్కి లాక్కుంటావా?"

"లాక్కోను. నాకు ఈ రాత్రి నిద్ర పట్టాలి."

"అయితే అడక్కు."

"ఆవిడ రావడం కల్పితమా?"

"తలుపు దగ్గర నీకు దారి ఇచ్చింది నేను కాదుగా."

"మరి ఏది?"

"గొంతు తగ్గించు, వాడు వింటాడు. మాటలమ్మా. ఆ మాటలన్నీ నావే. ఆవిడ వస్తుంది, పాడైన గిన్నె మీద అరచెయ్యి పెడుతుంది, నా వైపు చూస్తుంది. ఈ రెండేళ్లలో నాతో గానీ వాడితో గానీ ఒక్కసారి కూడా నోరు విప్పలేదు."